అడుగుల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

బాస్కెట్‌బాల్‌లో బంతిని చేత పట్టుకొని పరుగెత్తకూడదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటకు రాసిన 13 నియమాల్లో మూడోది ఇదే. పరుగులో బంతి అందుకున్నవాడు చప్పున ఆగలేడు కాబట్టి అతనికి కొంత వెసులుబాటు కూడా అందులోనే ఇచ్చాడు. ఈ నియమాన్ని తప్పడాన్నే ట్రావెలింగ్ అంటారు. దాని మీద నేటికీ సాగే వాదనల్లో చాలావరకు ఆ వెసులుబాటు ఎంత అన్నదాని గురించే.

నిలబడి బంతి అందుకున్న ఆటగాడు గుంజకు కట్టిన దూడ లాంటివాడు. ఒక కాలు ఎత్తగానే నేలమీద మిగిలిన కాలు గుంజ అవుతుంది. దాన్నే పివట్ కాలు అంటారు. దాని చుట్టూ ఎటు తిరిగినా, రెండో కాలితో ఎన్ని అడుగులు వేసినా తప్పు లేదు. పాస్ ఇవ్వడానికో షాట్ వేయడానికో గుంజను పీకవచ్చు కూడా, కానీ అది మళ్లీ నేలలో దిగేలోపు బంతి చేయి దాటిపోవాలి. బంతిని నేలకు కొడుతూ సాగే డ్రిబ్లింగ్ మొదలుపెట్టాలంటే మాత్రం గుంజ లేవకముందే బంతి చేతిని విడవాలి.

"మూడడుగులు వేసినా రిఫరీ ఈల వేయలేదు" అనే ఆరోపణ పరుగులో ఉన్న ఆటగాడి విషయంలో పుడుతుంది. చూసేవాళ్లు బంతి చేతికి తగిలినప్పటి నుంచి లెక్కపెడతారు. నియమం మాత్రం బంతి అదుపులోకి వచ్చిన క్షణం నుంచి లెక్కపెడుతుంది. ఆ క్షణాన కుడికాలు నేలమీద ఉంటే అది సున్నా. తర్వాత ఎడమకాలు మోపితే ఒకటి, మళ్లీ కుడికాలు మోపితే రెండు. అక్కడి నుంచి ఎగిరి, కిందికి దిగేలోపు బంతి వదిలితే ఆట సక్రమమే. కంటికి మూడడుగులు కనిపించినా లెక్కకు వచ్చేవి రెండే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ 2009లో రెండడుగుల మాటను నియమావళిలో స్పష్టంగా రాసింది. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా 2017లో ఈ సున్నా అడుగును అమల్లోకి తెచ్చింది. బంతిని అదుపు చేయడమంటే ఏమిటో 2019లో ఎన్‌బీఏ మరింత వివరించింది.

అడుగుల లెక్కే కాదు, చేతుల తప్పులూ ఉన్నాయి. డ్రిబ్లింగ్‌లో చేయి బంతి కిందికి వెళ్లినంత మాత్రాన క్యారీ అనే తప్పు అయిపోదు. బంతి అరచేతిలో ఆగిపోయి, ఆ తర్వాత డ్రిబ్లింగ్ కొనసాగితేనే తప్పు. డ్రిబ్లింగ్ ఒకసారి ముగించినవాడు మళ్లీ మొదలుపెడితే డబుల్ డ్రిబుల్.

రిఫరీ పాదాలనూ చేతులనూ ఒకేసారి గమనించాలి. బంతి అదుపులోకి వచ్చిన క్షణం స్లో మోషన్‌లో స్పష్టంగా దొరుకుతుంది, పరుగు వేగంలో రెప్పపాటులో దాటిపోతుంది. సందేహం ఉన్నప్పుడు ఈల వేయకపోవడమే రిఫరీల ఆనవాయితీ. అందుకే దూసుకెళ్లే ఆటగాడి సున్నా అడుగు దగ్గర పట్టు సడలినట్టు కనిపిస్తుంది. నిలబడినవాడు బంతి వదలకముందే పివట్ కాలు ఎత్తితే పట్టుకోవడం సులువు, అక్కడ ఈల ఎక్కువగా మోగుతుంది. అంతమాత్రాన ఎన్‌బీఏలో ట్రావెలింగ్ నియమమే లేదనడం సరికాదు. హోరాహోరీ మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల్లో రిఫరీలు వదిలేసిన తప్పులను, ట్రావెలింగ్‌తో సహా, ఆ లీగే 2015 నుంచి ప్రకటిస్తోంది.

భారత్‌లో పోటీలు ఫీబా నియమాల ప్రకారమే జరుగుతాయి. ఎన్‌బీఏ చూసి ఆట నేర్చుకునేవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. బంతితో కిందపడి నేలమీద జారడం ఫీబాలో తప్పు కాదు, ఎన్‌బీఏలో అలా జారి లాభం పొందకూడదు. బంతి పట్టుకొనే దొర్లినా, లేచి నిలబడబోయినా ఫీబాలో ట్రావెలింగే. ప్రత్యర్థి జట్టుకు త్రో-ఇన్ దక్కుతుంది.