మీకు తెలుసా? బాకీదారునకు రాజ్యరహస్యము
అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రభుత్వ రహస్య పత్రములను చూచుటకు అనుమతి కోరు ఉద్యోగి, ఏ నేరమును చేయకున్నను, చెల్లింపక విడిచిన క్రెడిట్ కార్డు బాకీ మూలముననే ఆ యర్హతను కోల్పోవచ్చును.

ఆ యర్హతను నిర్ణయించుటకు 2017 జూన్ 8 నుండి అమలులోనున్న 13 ప్రమాణములలో ఒకటి కేవలము ఆర్థిక ప్రవర్తనకే ప్రత్యేకింపబడినది. దరఖాస్తుదారు నింపవలసిన 86వ నంబరు ఫారములో, గడచిన ఏడేండ్లలో ఏ బాకీయైనను గడువు మీరి 120 దినములు దాటినదా యని సూటిగనే యడుగుదురు. అప్పులలో మునిగినవాడు రహస్యములను అమ్ముకొనునేమో యను శంక ఊహామాత్రము కాదు: అమెరికా గూఢచార సంస్థయైన సి.ఐ.ఎ. అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో సోవియట్ రాయబార కార్యాలయమునకు పోయి 50,000 డాలర్లకు బేరము పెట్టినది అప్పుల యొత్తిడి వలననే యని తానే చెప్పుకొనెను, పట్టుబడినది 1994లో!

బాకీ ఇంత మొత్తము మించరాదను హద్దు నియమములలో లేదు. ఉద్యోగము పోయియో, వైద్యపు ఖర్చుల వలననో, విడాకుల చేతనో అప్పుపడి, ఋణదాతతో ఒప్పందము చేసికొని నెలనెలా వాయిదాలు కట్టుచున్నవానిని కనికరింపవచ్చును, దివాలా తీసినంతమాత్రమున దారి మూసికొనిపోదు. కాని కావలెనని ఆ బాకీని ఫారములో దాచినచో, అది నిజాయితీకి సంబంధించిన వేరొక ప్రమాణము క్రిందికి వచ్చి, అసలు అప్పుకన్న బరువైన దోషమగును.