సాపేక్ష సిద్ధాంతపు లెక్కలు: ఎవరి గడియారము?

భౌతికశాస్త్రము నభ్యసించు బాలికలు ధైర్యము చెడి పుస్తకము మూయు పాఠములలో విశేష సాపేక్ష సిద్ధాంత మొకటి. ఐన్‌స్టీను పండితుడు దీనిని 1905వ సంవత్సరమున ప్రకటించెను. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు డిగ్రీ చదువు కన్యలు కొందఱు, ఇంటివద్ద చేయుటకిచ్చిన యీ లెక్కలను ముందిడుకొని కూర్చుండగా మేము పరికించితిమి. వారికి గణితము రాకపోలేదు. అయినను హెచ్చవేయవలసినచోట భాగింతురు, భాగింపవలసినచోట హెచ్చవేయుదురు. ఇందులకు కారణము బుద్ధిమాంద్యము గాదు, "ఈ కాల మెవరిది?" యను ప్రశ్నను ముందుగా వేసికొనకపోవుటయే.

ఈ ప్రశ్న మన గృహిణులకు క్రొత్తది గాదు. ఒకే స్త్రీ యొకరికి అత్త, వేఱొకరికి వదినె, మఱొకరికి కూతురు. "ఎవరికి?" అని యడుగక వరుస చెప్పుట యసాధ్యము. వరుసలు వేఱైనను అన్నియు నిజములే. కాలమును దూరమును అట్టివేయని యీ సిద్ధాంతము చెప్పుచున్నది. వెలుతురు వేగము మాత్ర మెవరు కొలిచినను ఒక్కటే. సెకనుకు రమారమి 3 లక్షల కిలోమీటర్లు.

ఒక లెక్క చేసి చూతము. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు తిన్నని బాట 45 కిలోమీటర్లని సుళువుకొఱ కనుకొందము. వెలుతురు వేగములో 3/5 వంతు, అనగా సెకనుకు 1,80,000 కిలోమీటర్ల వేగముతో నొక బండి పోవుచున్నది. ఇట్టి బండి లోకమున లేదు, లెక్కలోనే కలదు. సెకనును 10 లక్షల భాగములు చేసిన నందొకటి మైక్రోసెకను. నేలమీది వారికి ప్రయాణకాలము 250 మైక్రోసెకనులు. మఱి బండిలోని గడియారమున నెంత?

ఇచ్చటనే పొరపాటు దొరలును. నంద్యాల విడుచుట యొక సంఘటన. ఆళ్లగడ్డ చేరుట రెండవది. ఈ రెండింటి దగ్గరను తానే యుండిన గడియార మేది? బండిలోనిదే. నేలమీది వారికో, నంద్యాలలో నొకటియు ఆళ్లగడ్డలో నొకటియు, సరిపెట్టిన రెండు గడియారములు కావలెను. రెండు సంఘటనలను చూచిన యా యొక్క గడియారపు కాలమే తక్కువది. ఎంత తక్కువ? 3/5ను 3/5చే హెచ్చవేసిన 9/25. దానిని 1లో తీసివేయగా 16/25. దాని వర్గమూలము 4/5. కావున 250లో 4/5 వంతు, అనగా 200 మైక్రోసెకనులు.

సరిచూచుకొందము. బండిలోని వారికి బాటయే కదలుచున్నట్లుండును గనుక, దాని పొడవు 45లో 4/5 వంతు, 36 కిలోమీటర్లగును. ఆ వేగమున 36 కిలోమీటర్లు దాటుటకు పట్టునది 200 మైక్రోసెకనులే. రెండు త్రోవలును ఒక్కచోటికే చేరినవి. అన్న ముడికినదో లేదో మెతుకు పట్టి చూచునట్లు, ప్రతి లెక్కను ఇట్లు చూడవలెను.

రేవతీదేవి తండ్రియగు కకుద్మితో బ్రహ్మలోకమున కేగి వచ్చునప్పటికి భూమిపై 27 మహాయుగములు గడచెనని భాగవతమున విందుము. అది దైవలీల, ఇది కొలిచి చూడదగిన విషయము. విశ్వకిరణములు గాలిని తాకినపుడు సుమారు 15 కిలోమీటర్ల యెత్తున మ్యూవానులను కణములు పుట్టుచుండును. వాని సగటు ఆయువు 2.2 మైక్రోసెకనులు. అంతలో వెలుతురైనను 660 మీటర్లే పోగలదు. అయినను అవి మన మిద్దెల వఱకు వచ్చుచున్నవి; అరచేయంత చోటికి సెకనున కించుమించు ఒకటి. అతివేగమువలన వాని యాయువు మన గడియారమునకు దీర్ఘమగుటయే యిందులకు కారణము. ఇట్టి కణమును గడియారముగా నెంచవచ్చునని 1938లో హోమీ భాభా వ్రాసెను. 1941లో రోసీ, హాల్ అనువారు అమెరికాలో కొలిచి చూపిరి. ఆ కాలముననే కలకత్తాలో బిభా చౌధురి యను వంగదేశపు యువతి, దేవేంద్ర మోహన్ బోసుతో గూడి, కొండలపై ఫొటో పలకల నుంచి విశ్వకిరణ కణముల జాడలను పరిశోధించెను. కనుక నిది ఆడువారికి తగని విద్య యనువారి మాట నిలువదు.

ఇక మన వంతు విచారింతము. కుమారుడు లెక్క చేయునపుడు ఇల్లంతయు మాటలాపి యుండును. కుమార్తె లెక్క నడుమ నుండగా "పొయ్యి చూడు, నీళ్లు పట్టు" మని పిలుతుము. ఈ లెక్కలు గొలుసు వంటివి; ఒక మెట్టు మఱచిన మొదటినుండి యారంభింపవలెను. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు బస్సులో పోయివచ్చి చదువుకొను బాలికకు దినమున మిగులు వేళ యెంత? అందొక గంట యెవరును పిలువకుండ ఆమెకు విడుచుట తల్లుల చేతిలోనున్నది.

శాస్త్రము నేర్వని తల్లియైనను ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్న లడుగవచ్చును: ఆ రెండు సంఘటన లేవి? రెండింటి దగ్గర నుండిన గడియార మేది? వేఱొక త్రోవను చేసినను జవాబు కలియుచున్నదా? బిడ్డ తల్లికి తెలియజెప్ప యత్నించుటలోనే లెక్క సగము విడిపోవుటను మేము పలుమారులు చూచితిమి.