టెలిఫోను కంపెనీలు – మన ఫిర్యాదులు

ఒకప్పుడు టెలిఫోను ధనవంతుల యింటి యలంకారము. నేడది కూలి చేసికొని బ్రదుకువాని జేబులో సైతము గలదు. బ్యాంకువారు పంపు రహస్యసంఖ్య, గ్యాసు బండ వచ్చు సమాచారము, పిల్లల పాఠములు, మన పాఠశాల ప్రకటనలు – ఇవన్నియు దాని ద్వారానే అందుచున్నవి. కావున ఫోను గాని, ఇంటర్నెట్టు గాని నాలుగు దినములు నిలిచిపోయినచో అది వట్టి అసౌకర్యము కాదు. ఆ యింటి పనులే నిలిచిపోవును.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మనవారికి మరియొక చిక్కు గలదు. ఇంట మాటాడునది తెలుగు. కంపెనీవారి కాగితము ఇంగ్లీషులో నుండును. దుకాణములోని ఉద్యోగి తమిళమున చెప్పును. సరిహద్దు దాటి పనికి పోవువారికి కన్నడమున చెప్పుదురు. అర్థము గాని చోట 'సరే' యని తలయూచి వచ్చుట మనలో పెక్కుమందికి అలవాటైనది. ఆ తలయూపునకు వెల నెలనెలయు బిల్లులో కనబడుచున్నది. అందుచేత ఈ విషయమున మనకు గల హక్కులను, వానిని వినియోగించుకొను క్రమమును తల్లిదండ్రులకు తెలియజేయుట మంచిదని తోచినది.

మొదటి మెట్టు: ఫిర్యాదు సంఖ్య

టెలిఫోను కంపెనీలను అదుపులో నుంచుటకై 1997లో ట్రాయ్ అను నియంత్రణ సంస్థ ఏర్పడినది. ఆ సంస్థ 2012లో ఫిర్యాదుల పరిష్కారమునకై నిబంధనలను వెలువరించెను. వాని ప్రకారము ప్రతి కంపెనీయు ఉచితముగా పిలువదగిన ఫిర్యాదు కేంద్రమును నడుపవలెను. అచ్చట యంత్రము పలుకునప్పుడు మొదట భాషను, పిదప విషయమును ఎన్నుకొనుమని అడుగును. ఆ తరువాతి మెట్టున మనుష్యునితో మాటాడు అవకాశము ఉండి తీరవలెను. యంత్రము మాటలకు విసిగి నడుమనే ఫోను పెట్టివేయువారు ఈ సంగతి నెరుగవలెను.

ఫిర్యాదు నమోదు కాగానే దానికొక సంఖ్య నిచ్చుట కంపెనీ విధి. ఆ సంఖ్యను, తేదీని, వేళను, వారు చెప్పిన గడువును ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. సంఖ్య లేని ఫిర్యాదు రసీదు లేక చెల్లించిన సొమ్ము వంటిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కంపెనీ ఫోను సంఖ్యను ఇంటర్నెట్టులో వెదకి పట్టుకొనవలదు. మోసగాండ్రు తమ సంఖ్యలను కంపెనీ పేరిట అచ్చట నుంచుచున్నారు. బిల్లు మీదనో, కంపెనీ సొంత ఆప్‌లోనో ఉన్న సంఖ్యనే నమ్మవలెను. బ్యాంకు రహస్యసంఖ్యను ఎవ్వరడిగినను చెప్పరాదు.

రెండవ మెట్టు: అప్పీలు

ఎవ్వరును ఇంటికి రాకయే 'మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది' అను సందేశము వచ్చుట పలువురు తల్లిదండ్రుల అనుభవము. అంతటితో నిరాశ చెందనక్కరలేదు. ప్రతి కంపెనీలోను అప్పీలు అధికారి యుండవలెనని అదే నిబంధన చెప్పుచున్నది. పరిష్కారము నచ్చనిచో, లేక గడువు దాటినచో, 30 దినముల లోపల అప్పీలు చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు. 39 దినములలో తీర్పు చెప్పవలెను. ట్రాయ్ సంస్థ వ్యక్తుల ఫిర్యాదులను తానుగా విచారింపదు గనుక, నేరుగా దానికి ఉత్తరము వ్రాసి ఎదురుచూచుట కాలహరణమే.

తెలుగున చెప్పుకొనుటకు దారి

కేంద్రప్రభుత్వమువారి వినియోగదారుల సహాయకేంద్రము సంఖ్య 1915. అచ్చట 17 భాషలలో ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. వానిలో తెలుగు ఒకటి. తమిళము గాని, ఇంగ్లీషు గాని రాని తల్లి తన కష్టమును తన భాషలోనే చెప్పగలదు. వారు కంపెనీకి విషయమును తెలిపి సమాధానము రాబట్టుదురు.

మూడవ మెట్టు: వినియోగదారుల కమిషను

టెలిఫోను తగాదాలు వినియోగదారుల న్యాయస్థానములకు రావని 2009లో సుప్రీంకోర్టు చెప్పియుండుటచేత చాలకాలము ఈ ద్వారము మూసికొనియుండెను. 2022 ఫిబ్రవరి 16న అదే న్యాయస్థానము, ఇట్టి ఫిర్యాదులను వినియోగదారుల కమిషనులు విచారింపవచ్చునని తీర్పు నిచ్చెను. 2019 నాటి చట్టము ప్రకారము తాను నివసించు లేక ఉద్యోగము చేయు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కారణము కలిగిన రెండేండ్లలోపల చేయవలెను. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరవలెనన్న నిర్బంధమును లేదు.

మరికొన్ని హక్కులు

మనము కోరని పాటలకో, ఆటలకో సొమ్ము కోతపడుచున్నచో 155223 సంఖ్య ద్వారా వానిని నిలుపుదల చేయవచ్చును. ప్రకృతి వైపరీత్యము వంటి కారణములు లేకయే జిల్లాలో సేవ 24 గంటలకు మించి నిలిచినచో, బిల్లు కట్టువారికి ఆ దినముల అద్దె తగ్గింపవలెననియు, ముందుగా సొమ్ము కట్టువారికి గడువు పొడిగింపవలెననియు ఒక నియమము 2025 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది.

ఎంత చెప్పినను వినని కంపెనీని విడుచుటకు ఫోను సంఖ్యను వదలుకొననక్కరలేదు. పోర్ట్ అను మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, ఖాళీ విడిచి, తమ పది అంకెల సంఖ్యను చేర్చి 1900కు సందేశము పంపినచో కంపెనీ మారుటకు వలయు గుర్తు వచ్చును. అయితే పాత కంపెనీలో 90 దినములు నిండియుండవలెను, బాకీ ఉండరాదు. 2015 జూలై 3 నుండి రాష్ట్రము మారినవారును ఈ విధముగా తమ సంఖ్యను నిలుపుకొనవచ్చును.

ఉత్తరము వ్రాయు తీరు

అప్పీలు ఉత్తరము పొట్టిగా నుండవలెను. పేరు, ఫోను సంఖ్య, ఫిర్యాదు సంఖ్య, జరిగినది తేదీల క్రమమున, మనము కోరునది – ఇంతే చాలును. దూషణ వలదు. ఫోనులో మాటాడు ఉద్యోగి మన బిడ్డల వంటివాడే. నెల జీతమునకు పనిచేయువాడు. అతనిని తిట్టినందువలన తీగ బాగుపడదు. మృదువుగా మాటాడుచు పట్టు విడువకుండుటయే మేలు.

మన పై తరగతుల విద్యార్థులు ఉత్తరములు వ్రాయుటను తెలుగులోను, తమిళములోను, ఇంగ్లీషులోను నేర్చుచున్నారు. ఆ చదువును పరీక్షకు మాత్రమే పరిమితము చేయక, ఇంటి ఫిర్యాదును వారిచేత వ్రాయింపుడు. పెద్దలకు సొమ్ము మిగులును. పిల్లలకు అక్షరము విలువ తెలియును.