పాత కార్పెట్ తీసేసి కొత్త ఫ్లోరింగ్: షాపుకి వెళ్లే ముందు ఈ లెక్క చూడండి

ఈ ఎపిసోడ్‌లో ఫ్లోరింగ్ గురించి మాట్లాడుకుందాం. మన గోరంట్ల, హిందూపురం వైపు కార్పెట్ అంటే ఉన్నిది కాదు కదా, రోల్‌లోంచి మీటర్ లెక్కన కోసిచ్చే ప్లాస్టిక్ షీటే. కొన్నేళ్లకి డిజైన్ చెరిగిపోతుంది, అంచులు లేస్తాయి, ఇంట్లో పెద్దవాళ్ల కాలికి తగులుతాయి. వెంటనే అందరూ అనేది ఒకటే, "టైల్స్ వేయిద్దాం". ఆగండి. ముందు ఆ కార్పెట్ మొత్తం లేపి కింద ఏముందో చూడండి. మీ ఖర్చు ఎంతో అక్కడే తేలిపోతుంది.

కింద బండలుంటే మీరు లక్కీ

మన పాత ఇళ్లలో కింద ఎక్కువగా ఉండేవి కడప, తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు, లేదంటే సిమెంట్ గచ్చు. బండలైతే చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టిగా మోగితే ఓకే. డొల్లగా మోగితే ఆ బండ కింద ఖాళీ ఉన్నట్టు. అలాంటివి నాలుగైదే ఉంటే వాటిని మాత్రం తీసి మళ్లీ పరిపించి, సందులు పూడ్పించి, మెషీన్ పాలిష్ కొట్టిస్తే చాలు. కొత్త మెటీరియల్ దాదాపు కొనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఇవి సున్నపురాయి జాతి. మరకలు పోతాయని యాసిడ్ పోయకండి, రాయే కరుగుతుంది.

చెమ్మ టెస్ట్

ఒకటిన్నర అడుగుల చదరం ప్లాస్టిక్ కవర్ తీసుకుని, నాలుగు వైపులా టేప్‌తో నేలకి అంటించి 16 గంటలు వదిలేయండి. లోపల నీటి చుక్కలు కనిపిస్తే నేలలోంచి చెమ్మ వస్తున్నట్టే. కారణం తెలుసుకోకుండా పైన కొత్తది వేయడమంటే బగ్ ఫిక్స్ చేయకుండా యాప్‌కి రంగు మార్చడమే.

టైల్స్ లెక్క

గది 10 బై 12 అనుకుందాం, అంటే 120 చదరపు అడుగులు. 2 బై 2 టైల్స్ బాక్స్‌లో 4 వస్తాయి, సుమారు 15.5 చదరపు అడుగులు. కటింగ్ వేస్టేజ్ 10 శాతం కలిపితే 9 బాక్సులు. గోడ కింద 4 అంగుళాల స్కర్టింగ్‌కి ఇంకొకటి. మొత్తం 10 బాక్సులు. అంటే గది 120 అయినా, మీరు కొనేది 155! అడుగు 50 రూపాయలు అనుకుంటే (ఇది లెక్క కోసమే) 7,750. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 9,145. అందుకే "రేటులో జీఎస్టీ కలిసిందా?" అని ముందే అడగండి. బాక్సులన్నిటి మీదా బ్యాచ్ నంబర్, షేడ్ ఒకటేనా చూసుకోండి. ఆటో బాడుగ, మేస్త్రీ కూలి వేరే.

మర్చిపోయే మూడు విషయాలు

ఒకటి, ఎత్తు. పాత నేల మీదే టైల్ వేస్తే నేల పైకి లేస్తుంది. తలుపు కింద కోయాల్సి రావచ్చు, గడప దగ్గర కాలు తగలొచ్చు.

రెండు, విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చుకోదు, అందుకే సిమెంట్ పాలు దానికి సరిగా పట్టవు. టైల్ అడ్హెసివ్ వాడమనండి. బస్తా మీద ఐఎస్ 15477 ఉందో లేదో చూడండి.

మూడు, మెరుపు. షాపులో గ్లాసీ టైల్ అదిరిపోతుంది. తడి పడితే మాత్రం అవ్వాతాతలకి అదే ప్రమాదం. మ్యాట్ ఫినిష్ తీసుకోండి.

మరి అద్దె ఇల్లయితే?

టైల్స్ జోలికి వెళ్లకండి, ఇల్లు మారితే అవి మీతో రావు. నేల శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, కాస్త మందం షీట్ కొనుక్కోండి. జిగురుతో అంటించకండి, ఖాళీ చేసేటప్పుడు ఓనర్‌తో గొడవే.

సో, ఆర్డర్ గుర్తుంది కదా? ముందు లేపి చూడండి, తట్టి చూడండి, చెమ్మ చూడండి. బండలు బాగుంటే పాలిష్, లేదంటేనే టైల్స్. అప్పు చేసి ఫ్లోరింగ్ వేయించాలనుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాళ్లు అడ్వాన్స్ కట్టకముందే ఇది షేర్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!