కోయక చూచుట

కోనసీమలో పుట్టినవారికి కొబ్బరికాయను పగులగొట్టకయే దాని లోపలి సంగతి కొంత తెలియును. చెవియొద్ద ఆడించినచో నీరెంత యున్నదో వినబడును. మనుష్యశరీరము విషయమున వైద్యులును చిరకాలము ఇట్లే రొమ్ముపై వ్రేళ్ళతో తట్టియు, గొట్టముతో వినియు ఊహించుచుండిరేగాని, లోపలి భాగములను కన్నులార చూడవలెనన్నచో కోయక తప్పెడిది కాదు.

ఈ స్థితిని మార్చినది 1895వ సంవత్సరము. ఆ యేట నవంబరు 8వ తేదీన జర్మనీదేశమున వుర్త్సుబర్గు పట్టణములో రంట్జెను పండితుడు ఎక్సు కిరణములను కనుగొనెను. మరుసటి యేడు ఒక పత్రికావిలేఖరి ఆయనను దర్శించి, ఆ వింతవెలుగు కనబడినప్పుడు తామేమి తలంచితిరని యడుగగా, తలంచుటకు పూనుకొనలేదనియు, పరిశోధించితిననియు ఆయన బదులు చెప్పెను. శాస్త్రజ్ఞులతో జరిగిన సంభాషణలలో ఇంత పొట్టి జవాబును, ఇంత నిండు జవాబును మరియొకటి మేమెరుగము.

అదే 1895లో, జనవరి 12వ తేదీన, మన రాజోలుకు గోదావరి యావలనున్న భీమవరములో యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. ఈ రెండును ఒకే యేట జరుగుట కాకతాళీయమే. కాని రంట్జెనుతో మొదలైన చూపు క్రమముగా పెరిగి, సుబ్బారావుగారి పనిలో రెండు సంగతులను వారు చూడజాలని విధమున నేడు మనకు చూపుచున్నది. ఆ రెండింటినే ఇచ్చట వివరింపదలచితిమి.

సుబ్బారావుగారు రాజమహేంద్రవరమునను చెన్నపట్టణమునను చదివిరి. మెట్రిక్యులేషను పరీక్షలో వారు మూడవసారిగాని కృతార్థులు కాలేదు. ఈ సంగతి మా విద్యార్థులలో కొందరికి ఊరట కలిగింపవచ్చును. వైద్యవిద్య ముగించి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కు అను ఆచార్యునితో కలసి, శరీరములోని భాస్వరమును కొలుచు విధానమొకటి 1925లో ప్రకటించిరి. కండరమును నూరి, ఆమ్లముతో సారము తీసి, అందు కొన్ని ద్రవ్యములు కలిపినచో నీలివర్ణము పుట్టును. నీలి యెంత చిక్కనిదో భాస్వరమంత యున్నదని లెక్క.

అయితే కండరసారమున ఈ నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, తీరికగా చిక్కబడుచుండెను. ఇతరులైనచో దీనిని కొలతలోని చిక్కుగా భావించి ఊరకుందురేమో. వీరు కారణమును వెదకిరి. కండరములో భాస్వరముతో కూడిన సున్నితమైన పదార్థమొకటి యున్నదనియు, అది ఆమ్లము తగిలినకొలది విరిగి భాస్వరమును విడుచుచున్నదనియు తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్, దానిని 1927లో ప్రకటించిరి. కండరము పనిచేసినప్పుడు అది తరుగుననియు, విశ్రమించినప్పుడు మరల పెరుగుననియు చూపిరి. 1929లో ఏ.టి.పి. అను మరియొక భాస్వరపదార్థమును కండరమునుండి వేరుపరచినట్లు ప్రకటించిరి. అదే యేట జర్మనీలో లోమన్ అను నతడును దానిని కనుగొనెను. ఏ.టి.పి. చేతిలోని రొక్కము వంటిది. కండరము ముడుచుకొనుటకు అయ్యెడి ఖర్చంతయు దానితోనే. ఫాస్ఫోక్రియాటిన్ గాదెలోని ధాన్యము వంటిది. చేతి రొక్కము తరుగగానే దానిని పూరించును.

ఇందలి చిక్కును చదువరులు గ్రహించియే యుందురు. ముట్టుకొన్నంతనే విరుగు వస్తువును నూరి కొలుచుట యెట్లు? వీరికి ముందటి శాస్త్రజ్ఞులు కొలిచినది కండరములో నున్నదానిని కాదు, తమ చేతిలో విరిగినదానిని. కావున అట్టి వస్తువును ఉన్నచోటనే చూడవలెను.

దానికి తగిన సాధనము అయస్కాంత అనునాదము. భాస్వరపు పరమాణువు నడిమి బీజము బొంగరమువలె తిరుగుచు ఒక చిన్న అయస్కాంతముగా ప్రవర్తించును. శరీరమును గొప్ప అయస్కాంతములో నుంచి, రేడియో తరంగమును పంపినచో, ఆ బీజములు కదలి, మరల సన్నని రేడియో జవాబు నిచ్చును. భాస్వరము ఏ పదార్థములో నున్నదో దానినిబట్టి ఆ జవాబు శ్రుతి రవంత మారును. ఫాస్ఫోక్రియాటినుది ఒక శ్రుతి, ఏ.టి.పి. లో మూడు భాస్వరములు గలవు గనుక మూడు శ్రుతులు. మన ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రము సామాన్యముగా నీటిలోని హైడ్రోజను జవాబును విని బొమ్మ కట్టును. ఇచ్చట వినునది భాస్వరమును.

1974లో ఆక్సుఫర్డునందు రాడ్డా మొదలగువారు ఎలుకకాలి కండరమును నూరకయే అందలి ఈ పదార్థముల జవాబులను వినిరి. 1981లో, శ్రమపడినంతనే కండరములు పట్టుకొనిపోవు రోగి యొకని ముంజేతిని ఈ రీతిగా పరీక్షించి ప్రకటించిరి. ఆరోగ్యవంతుని చేయి గట్టిగా పనిచేసినచో ఫాస్ఫోక్రియాటిన్ తరుగును, కండరము పులియును. ఈ రోగి కండరము పులియలేదు. కండరములో నిలువయున్న పిండిపదార్థమును విరుచు శక్తి అతనికి లేదని కత్తి ముట్టకయే తెలిసెను.

రెండవ సంగతి మనకు మరింత దగ్గరిది. బోదకాలు ఎరుగని గ్రామము మన సీమలో అరుదు. మురుగునీట పెరుగు క్యూలెక్సు దోమ ఈ పురుగును మోయును. పిల్లపురుగులు రాత్రివేళ రక్తములో తిరుగును. అందుచేతనే సిబ్బంది రాత్రులందు వచ్చి రక్తము తీయుట. దారపుపోగు వంటి తల్లిపురుగులు మాత్రము రసనాళములలో దాగి యేండ్లకొలది జీవించును. సుబ్బారావుగారు లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు అధ్యక్షులై యుండగా, 1947లో హెట్రజాన్ అను మందు వెలువడెను. నేడు డి.ఇ.సి. మాత్రలనునవి యివియే. మందు మ్రింగినచో రక్తములోని పిల్లపురుగులు మాయమగునని సూక్ష్మదర్శినితో తెలిసెను. తల్లిపురుగుల గతి యేమి?

1994లో బ్రెజిలు దేశపు వైద్యులు చెవికి వినరాని ధ్వనితరంగములను రోగుల రసనాళములపై ప్రసరింపజేసిరి. ప్రతిధ్వనులు తెరపై బొమ్మలై కనబడును. గర్భిణులకు చేయు స్కానింగు ఇదియే. నాళములలో తల్లిపురుగులు క్షణమైన ఊరకుండక మెలికలు తిరుగుట తెరపై కనబడెను. దానికి వారు ఫైలేరియా నృత్యమని పేరిడిరి. అనాగరికమైన పేరని కొందరందురు గాని మాకది బాగుగనే యున్నది. తరువాత అచ్చటివారే డి.ఇ.సి. యిచ్చి మరల చూచిరి. కొన్నిచోట్ల నృత్యమాగెను, కొన్నిచోట్ల ఆగలేదు. అనగా, రక్తము శుభ్రముగా కనబడినను, లోపల తల్లి బ్రతికియుండవచ్చును.

ఒక్కసారి మాత్ర మ్రింగి, మరుసటి యేడు ఇంటికి వచ్చినవారితో మాకు వలదనువారు మన యూళ్ళలో పలువురు కలరు. ఏటేట మందు పంచుటకు కారణము తెరపై ఆగని ఆ నృత్యమే. తల్లి బ్రతికియున్నంతకాలము పిల్లలను కనుచుండును. ఆ పిల్లలను దోమకు అందకుండ ఏటికేడు తుడిచివేయవలెను. మనదేశమున 2004 మొదలు ఊరంతటికి ఒకేమారు మాత్రలిచ్చు పద్ధతి నడిచినది. రెండేండ్లలోపు శిశువులకును, గర్భిణులకును, తీవ్రరోగములతో నున్నవారికిని ఈ మందు ఇయ్యరు. తక్కినవారు పరగడుపున గాక, భోజనానంతరము మ్రింగవలెను.