కాంతికి రంగు మార్చే సూక్ష్మశిల్పం

కల్లూరు కళాశాలలో గోడపై పాఠం చూపే ఆకుపచ్చని లేజరు చుక్కను విద్యార్థులు చూసే ఉంటారు. సాధారణంగా దానికి మూలం కంటికి కనిపించని 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. సూచికలోని చిన్న స్ఫటికం ఆ తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి, 532 నానోమీటర్ల పచ్చని వెలుగుగా మారుస్తుంది. పడే కాంతి తీవ్రత రెట్టింపైతే, పుట్టే కొత్త కాంతి సుమారు నాలుగింతలవుతుంది. అందుచేతనే దీనిని అరేఖీయ ధర్మమంటారు.

1961లో అమెరికాలో పీటర్ ఫ్రాంకెన్ బృందం క్వార్ట్జ్ స్ఫటికంలో దీనిని తొలిసారి నిరూపించింది. సాక్ష్యమైన ఛాయాచిత్రంలోని సన్నని చుక్కను మరకగా భ్రమించి, ముద్రణలో చెరిపివేశారని ప్రతీతి.

స్ఫటికం చిన్నదయ్యేకొద్దీ ఈ మార్పు క్షీణిస్తుంది. అదే అసలు చిక్కు. తరంగదైర్ఘ్యం కంటె సన్నని స్తంభాలను, రంధ్రాలను నిర్మించి, కాంతిని వాటిలో బంధిస్తే ఆ లోటు కొంత తీరుతుంది. నిర్మాణానికి ముఖ్యమైన మార్గాలు రెండు: ఎలక్ట్రాన్ పుంజంతో నమూనా గీసి తొలచడం, అణువులు తమంత తామే స్ఫటికంగా పేరుకొనేటట్లు చేయడం. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య రాజదురై చంద్రశేఖర్ బృందం అలా పేరుకొన్న సేంద్రియ సూక్ష్మస్ఫటికాలను పరమాణుబల సూక్ష్మదర్శిని సూదిమొనతో కదిపి, వంచి, కాంతి పరిపథాలుగా కూర్చింది.

మరకగా తోచినది వెలుగే కావచ్చును. తొందరపడి చెరపక, నిదానించి చూడడమే విజ్ఞానానికి తొలిమెట్టు.