మారిషస్ గవర్నరు: ఒక రాజప్రతినిధి పదవి చరిత్ర

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న మారిషస్ దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో మూడో వంతు కూడా లేని ఈ దీవిని మొదట ఫ్రాన్సు రాజు పేరుమీద, తరవాత ఇంగ్లండు రాజు పేరుమీద పాలించిన అధికారి గవర్నరు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్ళిన వేలాది తెలుగు కుటుంబాల బతుకు ఆ గవర్నర్ల సంతకాల మీద నడిచింది. ఆ పదవి ఎవరి మాట వినేది, ఎవరి మాట వినక తప్పని స్థితికి వచ్చింది అన్నదే దాని అసలు చరిత్ర.

ఫ్రెంచి గవర్నర్లు

1598లో దీవికి చేరిన డచ్చివారు తమ యువరాజు మారిస్ పేరు దానికి పెట్టారు. 1710లో వాళ్ళు వదిలి వెళ్ళాక, 1715లో ఫ్రెంచివారు స్వాధీనం చేసుకుని ‘ఫ్రాన్సు దీవి’ అన్నారు. మొదట్లో పాలన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీది. 1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లా బుర్దొనె పోర్ట్ లూయీని రేవు పట్టణంగా తీర్చిదిద్దాడు. 1746లో మద్రాసును ఇంగ్లీషువారి నుంచి పట్టుకున్నది కూడా ఈయనే. 1767లో దీవి కంపెనీ చేతినుంచి నేరుగా రాజు చేతికి వచ్చింది.

గవర్నరుకు రాచముద్ర ఉన్నా, దీవిలో అసలు బలం తోటల యజమానులది. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దుచేసి, ఆ ఉత్తర్వు అమలు చేయమని 1796లో పంపిన ప్రతినిధులను వాళ్ళు అడుగు నిలపనీయకుండా వెనక్కి తరిమేశారు. ఆ తరవాత నెపోలియన్ పంపిన దెకాన్ హయాంలో ఈ దీవి ఫ్రెంచి యుద్ధనౌకలకు స్థావరమైంది. అక్కడ మకాం పెట్టిన అడ్మిరల్ లినువా 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవులోకే వచ్చి, సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకతో తలపడ్డాడు. బంగాళాఖాతంలో తమ వర్తకానికి ఇట్లాంటి బెడద ఉన్నంతకాలం ఇంగ్లీషువారికి ఆ దీవి మీద కన్ను తప్పలేదు. 1810 డిసెంబరులో దాన్ని పట్టుకున్నారు.

ఇంగ్లండు రాజు మనిషి

మొదటి బ్రిటిష్ గవర్నరు రాబర్ట్ ఫార్కర్. లొంగుబాటు షరతుల ప్రకారం దీవివాసుల మతం, చట్టాలు, ఆచారాలు యథాతథంగా ఉండాలి. ఫ్రెంచి భాష, ఫ్రెంచి సివిల్ చట్టం నేటికీ అక్కడ నిలిచి ఉండడానికి మూలం అదే. 1825లో గవర్నరుకు సలహా చెప్పే కౌన్సిల్ ఏర్పడింది. మొదట అందులో అధికారులే ఉండేవారు. 1831 నుంచి గవర్నరు నామినేట్ చేసిన స్థానిక పెద్దలు కూడా చేరారు. ఆ పెద్దలంటే ముఖ్యంగా చెరకు తోటల దొరలే.

1835లో బానిసత్వం రద్దయింది. తోటలకు కూలీలు కావాలి. రద్దుకు కొద్ది నెలల ముందే, విలియం నికొలే గవర్నరుగా ఉండగా, 1834 నవంబరు 2న కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడలో 36 మంది ఒప్పంద కూలీలు దిగారు. దోపిడీ మీద ఫిర్యాదులు రావడంతో కొన్నేళ్ళు ఆగిన వలస, 1843లో ప్రభుత్వ పర్యవేక్షణలో మళ్ళీ మొదలైంది. 1910 దాకా సుమారు 4,50,000 మంది వెళ్ళారు. తెలుగువారిలో చాలామంది కోరంగి రేవులో ఓడెక్కారు గనుక దీవిలో వాళ్ళను కోరంగీలని పిలిచేవారు. ఒప్పందం ఐదేళ్ళు, మగవాడి జీతం నెలకు 5 రూపాయలు, పైన తిండి సరుకులు. ఒకరోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరమొచ్చి పడుకున్నవాడికి నెల తిరిగేసరికి చేతికి ఏమీ మిగలకపోయేది.

ఐదేళ్ళు పూర్తయినా స్వేచ్ఛ దక్కలేదు. గవర్నరు హెన్రీ బార్క్‌లీ కాలంలో 1867లో వచ్చిన చట్టం ప్రకారం, ఒప్పందం ముగించుకున్న ‘పాత వలసదారు’ తన ఫోటో అంటించిన పాసు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు వెళ్ళినప్పుడు పోలీసు అడిగితే చూపించాలి. లేకపోతే దిమ్మరి కింద జమకట్టి అరెస్టు చేసేవారు. కాయగూరలు పండించి సంతకు తెచ్చి అమ్ముకునేవాడికి కూడా ఈ బెడద తప్పేది కాదు.

1871లో అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడు 9,401 మంది పాత వలసదారుల తరఫున ఒక వినతిపత్రం తయారుచేసి గవర్నరు ఆర్థర్ గోర్డన్‌కు అందజేశాడు. ప్లెవిట్జ్‌ను దీవి నుంచి వెళ్ళగొట్టాలని దొరలు పట్టుబట్టారు. గోర్డన్ ఒప్పుకోలేదు. రాజ్య విచారణ సంఘం కావాలని లండన్‌ను కోరాడు. 1872లో ఫ్రేర్, విలియమ్‌సన్ వచ్చి విచారించారు. 1875లో వెలువడిన నివేదిక కూలీల ఫిర్యాదుల్లో చాలావాటిని నిజమని తేల్చింది. దాని ఫలితంగా 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. గోర్డన్ తరవాత ఫిజీ గవర్నరై, 1879లో అక్కడికి కూడా భారతీయ ఒప్పంద కూలీలను రప్పించాడు. కూలీకి న్యాయం జరగాలన్న పట్టుదల, కూలీ వలస సాగాలన్న నమ్మకం ఆయనలో పక్కపక్కనే ఉండేవి.

ఓటు వచ్చాక

జాన్ పోప్ హెనెసీ గవర్నరుగా ఉండగా 1885 రాజ్యాంగం మొదటిసారి ఎన్నికైన సభ్యులను కౌన్సిల్‌లోకి తెచ్చింది. మొత్తం 27 మందిలో వాళ్ళు 10 మంది. మూడున్నర లక్షలకు పైగా జనాభాలో ఓటు దక్కింది ఆస్తి ఉన్న సుమారు నాలుగు వేల మందికే. జనాభాలో మూడింట రెండు వంతులున్న భారతీయుల పేర్లు ఆ జాబితాలో చాలా స్వల్పం. 1901లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగొస్తూ మారిషస్‌లో ఆగిన గాంధీ, గవర్నరు చార్లెస్ బ్రూస్ ఇంట ఒక రాత్రి అతిథిగా ఉన్నారు.

అసలు మలుపు 1947 రాజ్యాంగం. దీవిలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో చిన్న చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే ఓటు ఇచ్చారు. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. చెరకు తోటల పక్కన పల్లెబడుల్లో నేర్చుకున్న అక్షరాలు కూలీ బిడ్డకు ఓటు తెచ్చిపెట్టాయి. ఓటర్లు 12 వేల నుంచి 70 వేలు దాటారు. 1948 ఎన్నికల్లో 19 స్థానాల్లో భారతీయ సంతతి అభ్యర్థులు ఎక్కువగా గెలిచారు. గవర్నరు తన చేతిలో ఉన్న 12 నామినేటెడ్ స్థానాల్లో ఎక్కువ పాత పెద్దలకే ఇచ్చి తక్కెడను వాళ్ళవైపు మొగ్గించాడు. రాజప్రతినిధి తన అధికారాన్ని జనం తీర్పుకు అడ్డుగా వాడిన చివరి సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. 1959లో వయోజనులందరికీ ఓటు వచ్చింది.

గవర్నర్ జనరళ్ళు

1968 మార్చి 12న పోర్ట్ లూయీలోని షాం ద మార్స్ మైదానంలో బ్రిటిష్ జెండా దిగి, నాలుగు రంగుల జెండా ఎగిరింది. చివరి గవర్నరు జాన్ షా రెనీయే మొదటి గవర్నర్ జనరల్ అయ్యాడు. రాణి నియమించేదే అయినా, ఇకపై ఎవరిని నియమించాలో చెప్పేది దీవి ప్రధానమంత్రి. బిల్లులకు ఆమోదం, సభ రద్దు, ప్రధాని నియామకం గవర్నర్ జనరల్ పేరుమీద జరిగేవి. నిర్ణయం మాత్రం ఎన్నికైన ప్రభుత్వానిది.

1972లో అబ్దుల్ రామన్ ఉస్మాన్ ఈ పదవి చేపట్టిన తొలి మారిషస్ వాసి అయ్యారు. తరవాత దయేంద్రనాథ్ బరెన్‌చోబే, స్వాతంత్ర్యోద్యమ నేత శివసాగర్ రామ్‌గులాం, చివరగా 1986లో వీరస్వామి రింగడు వచ్చారు. ఒప్పంద కూలీగా దీవికి వచ్చిన మోహిత్ రామ్‌గులాం కొడుకు రాణి ప్రతినిధి కావడం ఆ పదవి చరిత్రలో పెద్ద మార్పు. రింగడు హయాంలోనే, 1990లో, మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగాయి. అప్పటికే ఉగాది అక్కడ పండగ సెలవు. సింహాద్రి అప్పన్న పూజలు తెలుగు ఇళ్ళలో తరతరాలుగా సాగుతూ వచ్చాయి.

1992 మార్చి 12న మారిషస్ గణతంత్రమైంది. రాజప్రతినిధి పదవి రద్దయింది. రింగడు తొలి అధ్యక్షుడిగా కొద్ది నెలలు పనిచేశారు. ఇప్పుడు అధ్యక్షుణ్ణి జాతీయ సభ ఎన్నుకుంటుంది. గవర్నర్లు ఉన్న లె రెద్వీ భవనం అధ్యక్షుడి అధికార నివాసమైంది. వలస కూలీలు దిగిన పోర్ట్ లూయీ కూలీ ఘాట్‌ను, అప్రవాసీ ఘాట్ పేరుతో, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రాజరికం నాటి బంధాల్లో ఒకటి ఇంకా మిగిలే ఉంది: మారిషస్ న్యాయస్థానాల తీర్పులపై ఆఖరి అప్పీలు నేటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే వెళుతుంది.